ఏరు లేని వంతెనల ఊరు

వలెన్సియా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ తెనాలిలో ఎదురుపడ్డవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు: "స్పెయిన్‌లో ఏం చూశారండీ మాస్టారూ?" చూసినవి చాలానే ఉన్నాయి. చర్చీలు, బురుజులు, పట్టు బజారు, గురువారం గురువారం చర్చి గుమ్మంలో కూర్చునే నీళ్ళ కోర్టు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని రాస్తున్నాను. సరదా కబుర్ల కోసం మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడే ఆగిపోయినా నేనేమీ అనుకోను.

నేను బాపట్లలో వ్యవసాయం పాఠాలు చెప్పే మాస్టర్ని. కాపురం తెనాలి, రోజూ రైల్లో పోయిరావడం. డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చిన ఐదు నెలలకి, సముద్రం పక్కన ఉప్పునేలల్లో వరి ఎలా పండిస్తున్నారో చూసి రమ్మని నన్ను స్పెయిన్ పంపించారు. ఆ ఉప్పెనలో మా చెల్లెలు సరోజిని పోయింది. దాని మొగుడు రాఘవయ్య మా మేనత్త కొడుకు, నా ఈడువాడు, చిన్నప్పుడు ఒక కంచంలో తిని ఒక మంచంలో పడుకున్నవాళ్ళం. రేపల్లె అవతల సముద్రం వైపు ఊళ్ళో ఎనిమిదెకరాల రైతు. వాడు మాత్రం తుమ్మచెట్టు పట్టుకుని బతికాడు. ముందురోజే రేడియోలో తుఫాను హెచ్చరిక విని, "చెల్లాయిని తీసుకుని వెంటనే తెనాలి వచ్చెయ్" అని మనిషి చేత కబురు పంపాను. రాలేదు. కోసిన పంట చేలో ఉందని ఆగిపోయి ఉంటాడు, నాలుగు గింజల కోసం దాన్ని పొట్టన పెట్టుకున్నాడు అనుకున్నాను. అనుకోవడం ఏంటి, తీర్పే చెప్పేశాను మనసులో. పెదకర్మ నాడు వాడు వచ్చి నా పక్కన కూర్చుంటే లేచి అవతలికి పోయాను.

తెనాలి ప్లాట్‌ఫారం

మద్రాసు బండి కోసం నిలబడి ఉంటే, రేపల్లె బండి దిగి రాఘవయ్య బావ వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. భుజం మీద తువ్వాలు తీసి, అందులోంచి ఒక వక్కపొడి డబ్బా నా చేతిలో పెట్టాడు.

"మన చేలో మట్టి బావా. అక్కడివాళ్ళకి చూపించు. పొలానికి బేరం వచ్చింది. ఉప్పుమళ్ళు వేసుకుంటాడట ఆ ఆసామి. మే నెలాఖరు దాకా ఆగమన్నాను. ఉంచుకోమంటే ఉంచుకుంటా, అమ్మెయ్యమంటే అమ్మేస్తా. నువ్వు ఎట్టా చెబితే అట్టా."

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఉప్పునీళ్ళు తేలిన చేలో గట్లు వేసి, మంచినీళ్ళు నిలగట్టి, మురుగుకాలవ తవ్వి తోడేస్తూ ఉంటే రెండు మూడేళ్ళకి నేల మళ్ళీ దారికొస్తుంది. ఏటా పిల్లలకి నేను నల్లబల్ల మీద రాసి చెప్పే పాఠమే అది. దానికి స్పెయిన్ పోవక్కర్లేదు. ఒకసారి ఉప్పుమళ్ళు వేశారంటే మాత్రం ఆ నేల మీద ఇక వరి ఆశ వదులుకోవాల్సిందే. ఆ ఒక్క ముక్క ప్లాట్‌ఫారం మీద చెబితే నా సొమ్మేం పోయేది కాదు.

"చూద్దాంలే. వచ్చాక చెబుతా," అన్నాను.

వాడి చేను మళ్ళీ పచ్చబడటం నాకిష్టం లేదు. అంతే, ఇంకో కారణం లేదు. బావ తలూపి, బండి కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు. నేను రెండోవైపు కిటికీ దగ్గర కూర్చున్నాను.

మాద్రిద్‌లో వక్కపొడి

విమానాశ్రయంలో సామాను సోదా చేసేవాడు అన్నీ వదిలేసి ఆ డబ్బానే పట్టుకున్నాడు. మూత తీశాడు, వాసన చూశాడు, నా మొహం చూశాడు. పరాయి దేశపు మట్టి తేకూడదని రూలు ఉండే ఉంటుంది. వాడికి ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు. నేను పొట్ట మీద చెయ్యి రాసుకుని, చిటికెడు నోట్లో వేసుకుంటున్నట్టు అభినయించాను. వాడు అయ్యో పాపం అన్నట్టు మొహం పెట్టి డబ్బా తిరిగిచ్చేశాడు. నలభై ఏడేళ్ళ వయసులో, మాస్టరు ఉద్యోగం చేసుకుంటూ, దొంగసరుకు దాటించాను. ఇంకో సందర్భంలో అయితే పడీ పడీ నవ్వేవాణ్ణి.

వంతెనలు

వలెన్సియాలో నేను దిగిన ఇల్లు అంపారో అనే విధవరాలిది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. ఒకప్పుడు ఇంగ్లాండుకి నారింజలు ఎగుమతి చేసే ఆఫీసులో పనిచేసిందట, అందువల్ల ఇంగ్లీషు వచ్చు. నాకు గది అద్దెకివ్వడమూ, వాళ్ళ మాటలు నాకు ఇంగ్లీషులోకి మార్చి చెప్పడమూ రెండూ ఆవిడే చేసింది. మొగుడు పోయి తొమ్మిదేళ్ళయినా ఇంకా నల్లబట్టలే. మన దగ్గర తెల్లచీరె, అక్కడ నల్లగౌను. "ఎన్నాళ్ళు కట్టాలండీ ఇలా?" అని అడిగాను. "ఎన్నాళ్ళనేం లేదు. నల్లది తొందరగా మాయదు, సబ్బు ఖర్చు తక్కువ," అంది.

మొదటిరోజు ఊరు చూపిస్తానని బయల్దేరదీసింది. రాతి వంతెనలు ఎంత బాగున్నాయో! వందల ఏళ్ళవట, మధ్య మధ్య పాలరాతి సాధువుల బొమ్మలు. వంగి కిందికి చూద్దును కదా, నీళ్ళు లేవు. ఏటి గర్భంలో పిచ్చిమొక్కలు, ఓ పక్క కుర్రాళ్ళ బంతాట, ఇంకో పక్క చెత్త. "ఏరు ఏదండీ?" అన్నాను.

"ఇరవై ఏళ్ళ కిందట వరదొచ్చి ఊరు ముంచేసింది. అందుకని దానికి శిక్ష వేశారు. ఊరవతల కొత్త కాలవ తవ్వి అటు వెళ్ళగొట్టారు," అంది.

మన వైపు కృష్ణని ఎవరైనా వెలివేయగలరా? సముద్రాన్ని వెలివేయగలరా? నాకు ఆ ఎండిపోయిన ఏటిని చూస్తే సంతోషమూ కలగలేదు, జాలీ కలగలేదు. పాత పేటలోకి వచ్చాక ఒక గోడ దగ్గర ఆగి, నా తల మీద ఇంకో జానెడు ఎత్తున చెక్కిన గీత చూపించింది. వరదనీళ్ళు అక్కడిదాకా వచ్చాయట. చెయ్యెత్తి ఆ గీత తడిమాను. "మనుషులు పోయారా?" అన్నాను. "పోయారు," అంది. మీవాళ్ళెవరైనా ఉన్నారా అని అడగలేకపోయాను. ఆవిడా చెప్పలేదు.

దాహమేస్తోందంటే తెల్లటి పానీయం ఒకటి ఇప్పించింది, పాలలా చల్లగా, తియ్యగా ఉంది. గ్లాసుకి మన లెక్కలో రెండు రూపాయలు దాకా పడింది. దేంతో చేస్తారంటే గడ్డలు తెచ్చి చూపించారు. చూసి నోరెళ్ళబెట్టాను. మన చేలల్లో పీకలేక చచ్చే తుంగ ఉందే, దాని దాయాది! మనం కూలీలను పెట్టి గట్టు మీద పారేయించేది, వాళ్ళు మళ్ళు కట్టి పండించి, రుబ్బి, పంచదార వేసి అమ్ముతున్నారు. ఈ మాట మా కాలేజీలో చెబితే ఒక్కడూ నమ్మలేదు.

బురుజు, బజారు

పెద్ద చర్చి పక్కన ఎనిమిది పలకల బురుజు ఉంది. మెలి తిరిగిన మెట్లు రెండొందల పైచిలుకు. ఎక్కేసరికి నా మోకాళ్ళు రెండూ చెరో దిక్కూ పోయాయి. పైనుంచి చూస్తే నీలిరంగు గుమ్మటాలు, పెంకుటిళ్ళు, నారింజ తోటలు, వాటి అవతల నీళ్ళు పెట్టిన వరిచేలు, చిట్టచివర సముద్రం. అచ్చం మన వైపులాగే పల్లం. మిగతా యాత్రికులంతా ఆ సముద్రాన్ని చూసి ముచ్చటపడుతున్నారు. నేను వీపు తిప్పుకుని దిగిపోయాను.

పట్టు బజారు మాత్రం నిదానంగా చూశాను. తాళ్ళు పేనినట్టు మెలితిరిగిన స్తంభాలు, అంత ఎత్తువి నేనెక్కడా చూడలేదు. మోసం చెయ్యని వర్తకుడు బాగుపడతాడని గోడ చుట్టూ చెక్కించారట. మోసం చేసినవాణ్ణి పెట్టడానికి పక్కనే బురుజులో జైలు. నీతికి నీతి, జైలుకి జైలు, రెండూ ఒకే కప్పు కింద ఉండటం నాకు నచ్చింది. ఎదురుగా కూరగాయల మార్కెట్టు. గోనెల్లో బియ్యం పోసి అమ్ముతున్నారు, పొట్టి గింజ, లావు గింజ. పక్కనే బుట్టల్లో బతికున్న నత్తలు. బేరం ఆడే ఆడవాళ్ళ అరుపులు వింటే తెనాలి మార్కెట్టే. అంపారో రెండు నారింజలు చేతిలో వేసుకుని బరువు చూసి, నచ్చక ఒకటి తిరిగి పెట్టేసింది. మా చెల్లెలు వంకాయలు అలాగే ఏరేది.

ఒకే పెనం

వారం తరవాత ఊరికి దక్షిణాన సముద్రం పక్కనున్న పెద్ద సరస్సు దగ్గరికి తీసుకెళ్ళారు. అప్పుడే చేలకి నీళ్ళు పెడుతున్నారు. బిసెంతే అనే రైతు ఇంట్లో మాకు భోజనం. అరవై ఏళ్ళ మనిషి, చేతులు చూస్తే చెప్పక్కర్లేదు రైతని. తెడ్డుపడవలో తిప్పి, కాలవలూ తూములూ చూపించాడు. నేను మొహమాటపడుతూనే వక్కపొడి డబ్బా తీశాను. ఆయన చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు! కాసేపు కళ్ళు మూసుకుని, ఉమ్మేసి, రెండు వేళ్ళు చూపించాడు.

"రెండేళ్ళు అంటున్నాడు," అంది అంపారో. "నీళ్ళుంటే. దాన్ని పట్టుకుని కూర్చునే మనిషుంటే."

నాకు మొహం మీద కొట్టినట్టయింది. ప్లాట్‌ఫారం మీద నా నాలుక చివర ఉన్న మాటే ఆయన అన్నాడు, అడగ్గానే, పరాయివాడికి. "ఎవరి పొలం?" అని అడిగాడట. మా చెల్లెలి మొగుడిది అన్నాను. బావ అనలేకపోయాను.

భోజనానికి మధ్యాహ్నం మూడయింది. అక్కడంతా అదే వేళ. మన ఇళ్ళల్లో అప్పటికి మగాళ్ళు ఒక కునుకు తీసి కాఫీ కోసం కేకలేస్తుంటారు. అంత వెడల్పు ఇనప పెనం నడిమధ్య పెట్టి, చుట్టూ అయిదుగురం కూర్చున్నాం. కుందేలు మాంసం, చిక్కుళ్ళు, నత్తలు కలిపి వండిన పచ్చటి అన్నం. కంచాల్లేవు. అందరూ చెక్క గరిటెలతో అదే పెనంలో తినాలి! ఎంగిలి అనే మాటే లేదు. అన్నం పలుకుగా ఉంది, ఇంకో రెండు పొంగులు రావాల్సింది. మన ఇంట్లో పెడితే కంచం విసిరేసేవాళ్ళు. సరే, రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవడమెందుకని మొదలుపెట్టాను.

కుందేలు తిన్నాను. నత్తల జోలికి మాత్రం పోలేకపోయాను. మా వైపు నత్తలు బాతుల మేత. ఎలా వదిలించుకోవాలా అని ఆలోచించి, మర్యాదగా కూడా ఉంటుందని, మన ఇళ్ళల్లో కొసరి కొసరి వడ్డిస్తామే, అలా నా ముందున్న నత్తలన్నీ గరిటెతో తోసి బిసెంతే వైపు పెట్టాను. "తినండి, తినండి" అని తెలుగులోనే అన్నాను కూడా. అందరూ గరిటెలు పట్టుకుని నన్నే చూస్తున్నారు.

అంపారో చెవిలో చెప్పింది: ఎవరి ముందున్న వాటా వాళ్ళదే. మధ్యలో సన్నగా అన్నం వదిలి గట్టులా ఉంచుతారు. ఆ గట్టు దాటి అవతలివాడి వాటాలోకి గరిటె పెట్టడమంత తప్పు ఇంకోటి లేదు. ఒకే పెనంలో తినొచ్చు, హద్దు మాత్రం దాటకూడదు. నేను ఎంగిలే లేనప్పుడు ఇంకేం ఉంటుందిలే అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి బిసెంతే పకపకా నవ్వి, నత్తలన్నీ తిని, గరిటెతో గట్టు మళ్ళీ సరిచేశాడు. చివర్లో పెరుగడిగితే పంచదార కలిపిన గిన్నె ఇచ్చారు.

గురువారం పన్నెండు గంటలకి

అన్నిటికన్నా నేను చూడాల్సింది అదేనని అంపారో పట్టుబట్టి లాక్కెళ్ళింది. పెద్ద చర్చి గుమ్మం ముందు, సరిగ్గా మిట్టమధ్యాహ్నం గంట కొట్టగానే, నల్ల అంగీలు తొడుక్కున్న ఎనిమిదిమంది రైతులు వచ్చి గుండ్రంగా కుర్చీల్లో కూర్చున్నారు. ఒక్కో కాలవకి ఒక్కో పెద్దమనిషి. కాలవనీళ్ళ తగాదాలు తీర్చే కోర్టు అది. ఎన్నో వందల ఏళ్ళుగా వారం వారం ఇలాగే జరుగుతోందట. ఒక్క కాగితం లేదు, స్టాంపు లేదు, ప్లీడరు లేడు. మన దగ్గర ఎగువవాడు తూము మూస్తే దిగువవాడు కోర్టుకెక్కుతాడు, వాడి మనవడు తీర్పు వింటాడు.

బంట్రోతు ఒక్కో కాలవ పేరూ పిలుస్తున్నాడు. చాలావాటికి ఎవరూ రాలేదు. ఒక పేరుకి మాత్రం ఓ ముసలి రైతు టోపీ తీసి ముందుకొచ్చాడు. ఆయన మడి తూము మూయడం మర్చిపోతే నీళ్ళు పొర్లి పక్కవాడి విత్తనాలు కొట్టుకుపోయాయట. పక్కవాడూ అక్కడే నిలబడి ఉన్నాడు. పెద్దమనిషి చెయ్యి కూడా ఎత్తకుండా కాలి బూటు ముందుకు చాపి, ఒకసారి ఈయన వైపు, ఒకసారి ఆయన వైపు చూపిస్తున్నాడు. ఎవరి వైపు కాలు తిరిగితే వాళ్ళు మాట్లాడాలి. రెండోవాళ్ళు నోరు విప్పకూడదు.

"ముసలాయన ఏమంటున్నాడు?" అన్నాను.

"భార్యని ఆసుపత్రికి తీసుకెళ్ళాడట ఆరోజు. తూము సంగతి గుర్తులేదంటున్నాడు."

పెద్దలు తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకున్నారు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

"జరిమానా వేశారు," అంది.

"ఆసుపత్రి అని చెప్పినా?"

"విత్తనాలు పోయిన మాట నిజమేగా? అయినా ఆయన చెప్పింది విన్నారుగా ముందు."

ముసలాయనా, పక్కవాడూ మాట్లాడుకుంటూ ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లోకి వెళ్ళారు. జనం చెదిరిపోయారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఐదు నెలలుగా నేను రాఘవయ్య బావ మీద విచారణ జరుపుతున్నాను, పొద్దున్నా సాయంత్రం, రైల్లో, క్లాసులో, అన్నం తింటూ. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు, ఆరోజు ఏం జరిగిందిరా అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, వాణ్ణి అడగలేదు. దొంగకి కూడా ఆ పాటి హక్కుంటుంది.

ఆ మధ్యాహ్నమే పోస్టాఫీసులో నిలబడి ఉత్తరం రాశాను. "బావా, పొలం అమ్మకు. రెండేళ్ళలో నేల తిరిగొస్తుంది. మురుగుకాలవ ఎక్కడ తవ్వాలో నేనే వచ్చి గీతలు గీస్తాను. నీతో మాట్లాడాల్సింది చాలా ఉంది." అంపారో నాలుకతో తడిపి స్టాంపులు అంటించింది. ఎన్నాళ్ళకి చేరుతుందని అడిగితే భుజాలు ఎగరేసింది.

రేపల్లె

తిరిగొచ్చిన మర్నాడే రేపల్లె బండెక్కాను. అక్కణ్ణుంచి బస్సు. మే నెల ఎండ మండిపోతోంది. చేలన్నీ ఉప్పు పేరుకుని తెల్లగా ఉన్నాయి. బావ ఇల్లు ఉన్నచోట ఇప్పుడు తాటాకు పాక. లోపల వాడు గోనెసంచిలో గిన్నెలు సర్దుతున్నాడు.

"రా బావా, కూర్చో. ఎప్పుడొచ్చావు?" అన్నాడు. "నీ ఉత్తరం అందింది. రిజిస్ట్రీ అయిన నాలుగో రోజున."

"మే నెలాఖరు దాకా ఆగుతానన్నావుగా?"

"అన్నాను. ప్లాట్‌ఫారం మీద నీ మొహం చూశాక ఇంక ఆగబుద్ధి కాలేదు. ఉప్పు పోతుందో పోదో నీకు తెలియకనా? తెలిసీ చెప్పలేదంటే ఉంచుకోవద్దనేగా అనుకున్నా." కోపంగా ఏం అనలేదు. వానెప్పుడొస్తుందో చెప్పినట్టు చెప్పాడు. తుంగభద్ర కాలవ కింద, కన్నడదేశంలో, మనవాళ్ళు క్యాంపులు వేసుకుని పొలాలు చేస్తున్నారు కదా, అక్కడ కౌలుకి మాట్లాడుకున్నాడట. ఎల్లుండి ప్రయాణం.

అప్పుడు అడిగాను. ఎన్ని వేల మైళ్ళు తిరిగొచ్చి అడిగానో చూడండి. "ఆరోజు దాన్ని ఎందుకు తీసుకురాలేదు బావా?"

సర్దుతున్నవాడల్లా ఆగాడు.

"తీసుకురాకపోవడమేంటి? నీ కబురు అందిన పొద్దున్నే బస్సెక్కించాను, మీ ఇంటికే. గొడ్లని మెరక మీదకి తోలి సాయంత్రం బండికి నేనూ వస్తానన్నాను. రేపల్లె దాకా వెళ్ళింది. అక్కడ గాలి చూసి దిగిపోయి, ఇటు బస్సులు ఆగిపోతే, ఆ వానలో అంత దూరమూ నడిచొచ్చేసింది. ఎందుకొచ్చావే పిచ్చిదానా అని నేను కేకలేశాను."

"ఏమంది?"

"'నిన్ను వదిలేసి నేనొక్కదాన్నే వెళితే మా అన్నయ్య నన్ను గడప తొక్కనిస్తాడా? మా బావ ఏడే అని నిలబెట్టి అడగడూ?' అంది."

నిజంగానే అడిగేవాణ్ణి. అది పెళ్ళయి వెళ్ళిన దగ్గర్నుంచీ ఎప్పుడు ఒంటరిగా వచ్చినా, గుమ్మంలోనే ఆపి నేను మొదట అడిగే మాట అదే.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబుదామనే వచ్చి కూర్చున్నా పెదకర్మ నాడు. నువ్వు లేచి పోయావు," అన్నాడు బావ. గోనెసంచి మూతి దగ్గరకి లాగి తాడు కట్టాడు. తరవాత లేచి తువ్వాలు దులిపి, "పద, బస్సు దాకా వస్తా," అన్నాడు.

నేనే వద్దన్నాను. వాడి పక్కన నడిచే మొహం నాకు లేదు.